మిరప చేతులు, బస్కీల కాళ్ళు

మంగళగిరిలో మేముండే అపార్ట్‌మెంటు కింద ఈమధ్య ఒక జిమ్ము పెట్టారు. మొన్న పొద్దున్నే నేను అక్కడుండగా ఒక పిల్ల వచ్చింది. ఇంటర్ చదువుతున్నట్టుంది. బరువులెత్తడం నేర్చుకుంటానని, సాయంత్రాలు టైక్వాండోకి కూడా వెళ్తున్నానని ట్రైనర్‌తో చెప్పింది. ఆ అబ్బాయి పెదవి విరిచాడు. "రెండూ కుదరవమ్మా. ఏదో ఒకటి పెట్టుకో. బరువులెత్తితే ఒళ్ళు బిగుసుకుపోద్ది, ఇంక కాళ్ళేం లేస్తాయి?" అన్నాడు. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. నాకు ఒళ్ళు మండింది.

"ఎవరు చెప్పారు నాయనా నీకు?" అన్నాను.

"అందరూ అంటారండీ" అన్నాడు నవ్వుతూ.

ఆ అందరూ నాకు బాగా తెలుసు. నాకు పద్నాలుగేళ్ళప్పటి నుంచీ తెలుసు. ఏదో ఒకటి పెట్టుకోమని, అసలు ఏదీ పెట్టుకోవద్దని, ఆడపిల్లకి అన్నం తినే ఓపికుంటే చాలని వాళ్ళు అప్పుడూ అన్నారు. వాళ్ళ మాట నేను వినలేదు. వినకపోతే ఏమైందో చెప్పాలనిపించి రాస్తున్నాను.

మా ఊరు నల్లరేగడి నేల. ఊరికి ఒకవైపు పత్తి, ఒకవైపు మిరప. ఎండాకాలం మొదలయ్యేసరికి కల్లాలన్నీ ఎర్రగా ఉండేవి. బయటి నుంచి చుట్టాలొస్తే బస్సు దిగిన దగ్గర్నుంచి తుమ్ముతూనే ఉండేవాళ్ళు. మేం వాళ్ళని చూసి నవ్వేవాళ్ళం. ఆ ఘాటు మాకు తెలిసేది కాదు. అన్నంలో, బట్టల్లో, పుస్తకాల సంచిలో, తలలో, అంతటా అదే వాసన. కొత్త గోంగూర పచ్చడి కలుపుకుని తింటున్నా మిరపకాయల గోతాం వాసనే ముందొచ్చేది.

నాన్న గుంటూరు మిర్చి యార్డులో మూటలు మోసేవాడు. అమ్మ ముచ్చికలు తీసేది. మిరపకాయ తల దగ్గరుండే తొడిమని మా వైపు ముచ్చిక అంటారు. షెడ్డులో ఆడవాళ్ళంతా వరసగా కూర్చుని, ఒక్కో కాయనీ పట్టుకుని గోటితో ఆ ముచ్చికని తుంచి పారెయ్యాలి. పొద్దున కూర్చుంటే సాయంత్రానికిగానీ లేచేవాళ్ళు కాదు. ఒంటిపూట బడులు పెట్టగానే మధ్యాహ్నాలు నేనూ అమ్మ పక్కన కూర్చునేదాన్ని. మొదటి వారం వేళ్ళు నిప్పుల్లో పెట్టినట్టుండేవి. అమ్మ ఆముదం రాసేది, పుల్లమజ్జిగలో ముంచమనేది. తర్వాత్తర్వాత మంట తెలియడం మానేసింది.

మా వీధి చివర ఒక తాలింఖానా ఉండేది. రేకుల కప్పు, మట్టిగోడలు, లోపల కుస్తీకి ఎర్రమట్టి పోసిన గోదా, గోడకి ఆనించిన సాము కర్రలు, మూలన నాలుగు గుండ్రాళ్ళు. దాన్ని నడిపే ముసలాయన్ని ఊరంతా వస్తాదు అనేవారు, నేను తాత అనేదాన్ని. పగలంతా ఆయన పని దూది ఏకడం. పెద్ద విల్లు పట్టుకుని తాడుని మోగిస్తుంటే దూది పింజలు లేచి ఆయన గడ్డంలో, కనుబొమల్లో చిక్కుకునేవి. తెల్లవారుజామున నమాజు చేసుకొచ్చి, తాలింఖానా తలుపు తీసి, మగపిల్లల చేత దండీలు, బస్కీలు తీయించేవాడు. ఆయన లెక్కపెడుతుంటే వీధి వీధంతా నిద్ర లేచేది.

నాకెందుకు ఆ పిచ్చి పట్టిందని ఇప్పటికీ అడుగుతుంటారు. ఎవడో దారిలో చెయ్యిపట్టి లాగి ఉంటాడు, వాణ్ణి కొట్టడానికి నేర్చుకుని ఉంటాను అని వాళ్ళే కథ అల్లుకుంటారు. అలాంటిదేం లేదు. బస్కీ తీసి లేచినప్పుడు నా ఒళ్ళు నాకు బాగుండేది. అంతే. మగపిల్లలని ఎవరూ అడగని ప్రశ్న నన్నెందుకు అడుగుతారో నాకు అర్థం కాదు.

మొదటి రోజు తలుపు దగ్గర నిలబడితే తాత చూశాడు.

"ఆడపిల్లలు గోదాలోకి రాకూడదే" అన్నాడు.

"నేను రాను తాతా. బయటే ఉంటా."

"బయటుండి ఏం చేస్తావు?"

"నువ్వు లెక్కపెట్టు. నేను తీస్తా."

ఆయన లోపలికి తిరిగాడు. లోపల లెక్క మొదలైంది. నేను గోడ బయట, దూది బస్తాల పక్కన, పావడా మోకాళ్ళ మీదికి చెక్కుకుని బస్కీలు తీశాను. నలభై దగ్గర కూలబడ్డాను. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. నెల తిరిగేసరికి లోపలివాళ్ళతో పాటు వంద తీస్తున్నాను. వందకి వాళ్ళు ఆపేసేవాళ్ళు. ఒకరోజు వాళ్ళు ఆపినా తాత ఆపలేదు. గోడ వైపు తిరిగి "నూట ఒకటి, నూట రెండు" అంటున్నాడు.

"తాతా, మాది అయిపోయింది" అన్నాడు లోపల ఎవడో.

"మీక్కాదులేరా. గోడకి లెక్కపెడుతున్నా" అన్నాడు తాత.

గోడకి ఇవతల నేను నవ్వాపుకుంటూ తీశాను. ఆయన నూట యాభై దాకా లెక్కపెట్టాడు. ఆ తర్వాత ఆయన టీ తాగడానికి వెళ్ళినప్పుడు గుండ్రాళ్ళలో చిన్నదాన్ని బయటికి దొర్లించుకుని ఎత్తేదాన్ని. ఆయనొచ్చేసరికి మళ్ళీ లోపలికి దొర్లించేదాన్ని. నానబెట్టిన శనగలు కూడా గుప్పెడు కాజేసేదాన్ని. కొన్నాళ్ళకి ఆ చిన్న గుండ్రాయి, దాని మీద శనగల గిన్నె, రెండూ బయటే కనిపించేవి.

ఆ రోజుల్లోనే మా హైస్కూల్ వరండాలో కరాటే మొదలైంది. కరెంటాఫీసులో పనిచేసే ఒక కుర్ర మాస్టారు సాయంత్రాలు నేర్పేవారు. ఆడపిల్లలు రావడం లేదని, వచ్చినవాళ్ళకి ఫీజు వద్దన్నారు. నేను చేరిపోయాను. ఆ తెల్ల డ్రస్సు వేసుకుని నడుముకి బెల్టు కట్టుకుంటే నేను వేరే మనిషినైనట్టుండేది. దానికి నీలిమందు పెట్టి ఎంత ఉతికినా మిరప వాసన వదిలేది కాదు. నా పక్కన నిలబడ్డ పిల్లాడు అరిచినప్పుడల్లా మధ్యలో తుమ్మేవాడు.

గొడవ అక్కడే మొదలైంది. పొద్దున బస్కీలు తీస్తానని మాస్టారికి తెలిసిపోయింది.

"అవి పాతకాలం కసరత్తులమ్మా. తొడలు మొద్దుబారిపోతాయి. కరాటేకి స్పీడు కావాలి. అక్కడికి వెళ్ళేదైతే ఇక్కడికి రావద్దు" అన్నారు.

అటు తాత, నేను గాలిలో గుద్దులు గుద్దుతుండగా చూసి, "గాలిని కొడతావేంటే? గాలి నిన్నేం చేసింది? ఆ గంతులేస్తే ఉన్న బలం కాస్తా పోయిద్ది. అది మానెయ్" అన్నాడు.

ఇద్దరికీ సరేనన్నాను. ఇద్దరి దగ్గరికీ వెళ్ళాను. మాస్టారి దగ్గర తాలింఖానా మానేశానని, తాత దగ్గర కరాటే మానేశానని నోటికొచ్చిన అబద్ధాలన్నీ ఆడాను. అందుకు నాకు ఇప్పటికీ సిగ్గు లేదు.

రెండూ కలిపి చెయ్యడం ఎలాగో నాకు ఎవరూ చెప్పలేదు. నా ఒళ్ళే చెప్పింది. బస్కీలు ఎక్కువ తీసిన రోజు సాయంత్రం కాలు నిజంగానే లేచేది కాదు. మాస్టారు చెప్పింది అంతవరకు నిజమే. కానీ మంచం కోడు మీద మడమ పెట్టి కాసేపు కాళ్ళు సాగదీస్తే వదులయ్యేవి. ఒకరోజు కాళ్ళకి, ఒకరోజు చేతులకి పని పెట్టుకున్నాను. మర్నాడు కరాటేలో ఇద్దరిద్దరు తలపడే జతల పోటీ ఉందంటే ఆ ముందురోజు గుండ్రాయి జోలికి పోయేదాన్ని కాదు. నిద్ర చాలక మధ్యాహ్నం షెడ్డులో తూలిపోతుంటే, అమ్మ పక్కన కూర్చునే ఆడవాళ్ళు నన్ను గోతాల వెనక పడుకోబెట్టి మేస్త్రీకి కనపడకుండా అడ్డం కూర్చునేవాళ్ళు. నా వాటా కాయలు వాళ్ళే తలా కాసిని తీసేవాళ్ళు.

తిండి మాత్రం విపరీతంగా తినేదాన్ని. పొద్దున్నే చద్దన్నంలో పెరుగు, ఉల్లిపాయ. మధ్యాహ్నం జొన్నన్నం, పప్పు. సాయంత్రం ఏముంటే అది. "ఏనుగుని పెంచుతున్నట్టుందే" అని అమ్మ గిన్నె అడుగు గీకి వడ్డించేది.

అమ్మకి ఇదంతా ఇష్టం లేదు. ఆమె కోపానికి కారణం ఊళ్ళోవాళ్ళు చెప్పే కారణం కాదు.

"మీ నాయన మూటలు మోసి మోసి నడుం పోగొట్టుకున్నాడు. బరువెత్తక తప్పనోళ్ళం కాబట్టి ఎత్తుతున్నాం. కూలి లేకుండా ఊరికినే రాళ్ళెత్తేది ఎవరే? ఆ ఓపికేదో పనిలో పెట్టు" అనేది.

దీనికి ఇప్పుడైతే జవాబు చెప్పగలను. కూలికి ఎత్తిన బరువు కూలిచ్చేవాళ్ళది, ఊరికే ఎత్తిన బరువు నాది. అప్పుడు ఇంత తెలివి లేదు. మొండికేసి తిండి మానేశాను. మూడో పూటకి అమ్మే దిగొచ్చింది.

"సరే. ఎండాకాలంలో ఆ బెల్టు పరీక్షేదో ఉందన్నావుగా. అందులో బెల్టు తెచ్చుకో, నేనింక అడగను. రాలేదనుకో, పొద్దున రాళ్ళూ వద్దు, సాయంత్రం గంతులూ వద్దు. నోరు మూసుకుని ముచ్చికలు తియ్యాలి. ఒప్పుకుంటావా?" అంది.

ఒప్పుకున్నాను.

పరీక్ష ఒక ఆదివారం పొద్దున, మా స్కూల్లోనే పెట్టారు. గుంటూరు నుంచి ఒక పెద్ద మాస్టారు, ఆయనతో పాటు కొందరు పిల్లలు వచ్చారు. ముందురోజు షెడ్డుకి లోడు ఎక్కువొచ్చి నేను చీకటి పడేదాకా ముచ్చికలు తీశాను. తెల్లవారి సబ్బుతో నాలుగుసార్లు చేతులు కడుక్కున్నాను. జిడ్డుగా ఉంటే పట్టు జారుతుందని ఆముదం రాయలేదు. చేతులు మండటం లేదు కాబట్టి కారం పోయిందనుకున్నాను. ముచ్చికలు తీసేవాళ్ళు తప్ప వేరెవరూ చెయ్యని పొరపాటు అది. మా వీధిలో అందరివీ అవే చేతులు. చేతులంటే అలాగే ఉంటాయనుకున్నాను.

మెట్టు మీద అమ్మ కూర్చుని ఉండటం చూసి ఆశ్చర్యపోయాను. వస్తానని చెప్పలేదు.

గుద్దులు, అడుగులు అన్నీ బాగానే చేశాను. చివర జతల పోటీ. నాకు గుంటూరు నుంచి వచ్చిన ఒక పొడుగుపాటి అమ్మాయి పడింది. మంచి వేగం ఆ పిల్లది. రెండుసార్లు నా పక్కటెముకల మీద తన్నింది. మూడోసారి గుద్దు వస్తుంటే అరచేత్తో తోశాను. ఆ చెయ్యి జారి, చెమట పట్టిన ఆమె మొహం మీదుగా రాసుకుపోయింది. రెండు క్షణాలు ఏమీ కాలేదు. తర్వాత ఆ పిల్ల కళ్ళు మూసుకుని కెవ్వుమంది.

అందరూ చుట్టూ మూగారు. బకెట్టుతో నీళ్ళు తెచ్చి కొట్టారు. ఆ పిల్ల ఇంకా గట్టిగా ఏడ్చింది. పెద్ద మాస్టారు నా చెయ్యి లాగి వాసన చూశారు.

"కారం పూసుకొచ్చింది!" అన్నారు. "కళ్ళల్లో కారం కొట్టి గెలుద్దామనుకున్నావా?"

"పూసుకోలేదండీ. కడుక్కునే వచ్చానండీ" అన్నాను.

మా మాస్టారు తలదించుకున్నారు. "ఆ తాలింఖానాలో నేర్పారా ఈ బుద్ధులు?" అన్నారు. అన్నిటికంటే ఆ మాట నన్ను కోసేసింది.

అప్పుడు అమ్మ లేచొచ్చింది. నా వైపు చూడలేదు. "నీళ్ళు కొట్టమాకండి, మంట ఎక్కువయిద్ది. పాలు తెండి" అంది. ఎవరో ఎదురుగా ఉన్న టీ బంకు నుంచి పాలు తెచ్చారు. అమ్మ కొంగు కొస పాలల్లో ముంచి, తన వేళ్ళు తగలకుండా కొంగు చుట్టుకుని, ఆ పిల్ల కళ్ళు తుడిచింది. "ఏడవమాక తల్లీ. కాసేపట్లో తగ్గిద్ది. మా పిల్లలందరికీ అలవాటే" అంది. ఏడుపు సన్నగిల్లాక పెద్ద మాస్టారి వైపు తిరిగింది.

"అయ్యా, ఇదుగో నా చెయ్యి. పదిహేనేళ్ళ నుంచి ముచ్చికలు తీస్తన్నా. పొద్దుట్నుంచి మూడుసార్లు కడిగా. ఒక్కసారి మీ కంటికి పెట్టుకుని చూడండి" అని అరచెయ్యి ఆయన మొహం ముందు పెట్టింది.

ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు.

"చూశారా, మీకే భయం. దాని చేతులూ ఇంతేనండీ. మేం కారం పూసుకునే పనిలేదు, మా చేతులే కారం. కారం చేతులోళ్ళు పరీక్షకి రాకూడదని రాసుందా ఎక్కడన్నా? ఉంటే చూపించండి, తీసుకుపోతాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్ద మాస్టారి మొహం ఎర్రబడింది.

"సరే. నీకు చేతులతో పనిలేని పరీక్ష పెడతాను" అన్నారు నాతో. "అదుగో, ఆ స్తంభం పక్కన హార్స్ స్టాన్స్‌లో కూర్చో. చేతులు నడుం దగ్గర పెట్టు. నేను ఆపమనేదాకా లేవకూడదు. లేస్తే అటునుంచటే ఇంటికెళ్ళు."

గుర్రం లేకుండా గుర్రం మీద కూర్చోవడం అది. కాళ్ళు ఎడంగా పెట్టి, తొడలు నేలకి సమంగా వచ్చేదాకా దిగి, అలాగే ఉండాలి. ఐదు నిమిషాలకే పెద్దవాళ్ళ కాళ్ళు కూడా వణుకుతాయి. ఆయనకి ఆ సంగతి తెలుసు. నేను కూర్చున్నాను.

మిగతావాళ్ళ పరీక్షలు సాగిపోతున్నాయి. మొదట తొడలు వెచ్చబడ్డాయి. తర్వాత మండాయి. ఆ మంట నాకు పాత చుట్టమే. రోజూ పొద్దున నూటయాభై దాటాక పలకరించేది ఇదే. అది వచ్చాక కూడా చాలా దూరం వెళ్ళొచ్చని నాకు తెలుసు, పెద్ద మాస్టారికి తెలియదు. కాళ్ళకి ఆ ఓపిక తాత దగ్గర వచ్చింది. నడుం నిటారుగా పెట్టి, ఊపిరి కిందికి దించి, ఆ ఓపికని ఎలా వాడుకోవాలో కుర్ర మాస్టారి దగ్గర వచ్చింది. ఇద్దరిలో ఏ ఒక్కరి మాట విని రెండోది మానేసి ఉన్నా నేను ఆ రోజు పది నిమిషాలకి కూలిపోయేదాన్ని. ఈ మాట ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను.

చెమట కళ్ళల్లోకి కారుతోంది. నా చేత్తో నేను తుడుచుకోలేను. ఇంతలో నాతో పోటీపడిన పిల్ల, కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, నెమ్మదిగా వచ్చి తన రుమాలుతో నా నుదురు తుడిచింది. "సారీ అక్కా" అన్నాను, నాకంటే పెద్దదో చిన్నదో తెలియక. "మంట తగ్గిందిలే. లేవమాక" అని వెళ్ళిపోయింది.

పరీక్షలైపోయాయి. ఫోటోలు దిగారు. టీలు తాగారు. పేర్లు చదివి బెల్టులు ఇచ్చారు. నా పేరు చదవలేదు. పెద్ద మాస్టారు మర్చిపోయారో, మర్చిపోయినట్టు నటించారో నాకు తెలియదు. సంచి సర్దుకుని గేటు వైపు నడిచారు. నా కాళ్ళు అప్పటికి వణుకు దాటిపోయి కొయ్యల్లా ఉన్నాయి.

మా మాస్టారు నా దగ్గరికి వచ్చారు. "చాలమ్మా. ఇంక లే" అన్నారు.

"ఆయన ఆపమనలేదండీ."

"ఆయన వెళ్ళిపోతున్నారు."

"అయితే వెళ్ళేముందు చెప్పి వెళ్ళమనండి."

ఆయన నా మొహం వైపు, కాళ్ళ వైపు మార్చి మార్చి చూశారు. తర్వాత గేటు వైపు పరుగెత్తారు. స్కూటరు ఎక్కబోతున్న పెద్దాయన్ని ఏం చెప్పి తీసుకొచ్చారో తెలియదు. ఆయన వచ్చి నా ముందు నిలబడ్డారు.

"ఆపు" అన్నారు మెల్లగా.

"వినపడలేదండీ" అన్నాను.

"ఆపు!" అని అరిచారు.

అప్పుడు లేచాను. నేల కనపడలేదు. స్తంభం పక్కనే ఉంది, దాన్ని పట్టుకోలేదు. అమ్మ కూడా నన్ను పట్టుకోవడానికి రాలేదు. నేను పడననుకుని ఉంటుంది.

బెల్టు రాలేదు. జతల పోటీ పూర్తికాలేదు కాబట్టి లెక్క ప్రకారం ఫెయిలేనని మా మాస్టారు నేల చూస్తూ చెప్పారు. "పొద్దున బస్కీలు ఎన్ని తీస్తావు?" అని అడిగారు. రెండొందలన్నాను. ఆయన మళ్ళీ ఎప్పుడూ నన్ను తాలింఖానా మానమనలేదు.

ఇంటికి పత్తిచేల గట్ల మీద నడిచొచ్చాం. అమ్మ ముందు, నేను వెనక కుంటుకుంటూ. ఒప్పుకున్న మాట మాటే. సగం దారిలో నేనే అన్నాను. "బెల్టు రాలేదుగా. రేపట్నుంచి నీతో షెడ్డుకే వస్తాలే."

అమ్మ ఆగి వెనక్కి తిరిగింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి, మాట మాత్రం గట్టిగానే వచ్చింది.

"అంత పెద్దమనిషి ముందు లేవనిదానివి, నేను మానమంటే మానేస్తావటే?"

నాకు ఏడుపొచ్చింది. అమ్మ మళ్ళీ ముందుకి తిరిగి నడిచింది.

మర్నాడు తెల్లవారుజామున నాకు మెలకువ రాలేదు. కాళ్ళు కదలడం లేదు. "లేవవే, తాత తలుపు తీశాడు" అని అమ్మే వచ్చి లేపింది. నాకు పెళ్ళయ్యేదాకా రోజూ ఆమే లేపింది. మిరపకాయల రోజుల్లో అరచేత్తో ముట్టుకునేది కాదు. నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ముంజేత్తో నా భుజాన్ని మెల్లగా రుద్దుతూ, కళ్ళు తెరిచేదాకా అక్కడే ఉండేది.